కొత్త గౌనుకి పాత చీర

చెప్పిన ధర నోరు మెదపకుండా ఇచ్చేసి వెళ్ళిపోయే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ మనిషికైనా ఏదో కష్టం వచ్చి ఉండాలి, లేదా నేనైనా ధర తక్కువ చెప్పి ఉండాలి. రెండో ఆలోచన వచ్చిందంటే ఆ పూట నాకు అన్నం సహించదు. విజయవాడ వన్‌టౌన్‌లో దారాలూ గుండీలూ లేసులూ అమ్మే కొట్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే జుట్టు నెరిసినదాన్ని. ఇంకో బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది? అలాంటి నా కొట్టుకి మొన్న గురువారం పొద్దున్నే పొడుగాటి తెల్లావిడ ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మెళ్ళో సంచీ, ముక్కు మీద చెమట. సంచీలోంచి పల్చటి కాగితంలో చుట్టిన గుడ్డ ఒకటి తీసి నా ముందున్న అద్దాల బల్ల మీద పరిచింది. నీలం రంగు మంగళగిరి చీర ముక్క, రెండు మూరలుంటుంది. రంగు ముప్పాతిక పోయింది. అంచున పోగులు లేస్తున్నాయి. వేలితో తాకి చూశాను. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నేత అది; కొత్త గుడ్డకి ఎంత పోసినా రాని మెత్తదనం. “నేను ఆనా కూతుర్ని, మార్తాని,” అంది ఇంగ్లీషులో. “నేను పుట్టినప్పుడు నన్ను ఇందులోనే చుట్టారట.” నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గిరాకీ కోసం నేను లేవడం మా కొట్లో పనిచేసే అమ్మాయిలు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

ఆనా వచ్చిన రోజుల్లో మా కొట్టు ఇప్పటి దాంట్లో సగం కూడా ఉండేది కాదు. లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకై, చివర మా ఇంట్లోకి తెరుచుకునే తలుపుండేది. తలుపుకి ఇవతల అమ్మ పెట్టే పోపు వాసన, అవతల అట్టపెట్టెల వాసన, కొత్త లేసుల గంజి వాసన. గడప దగ్గర ఇవన్నీ కలిసి ఇంకో వాసన అయ్యేది. దానికి పేరు లేదు గానీ ఎక్కడైనా తగిలితే ఈనాటికీ నాకు ఆకలేస్తుంది. గోడల నిండా అరలు, అరల నిండా పెట్టెలు, ప్రతి పెట్టె ముఖానా లోపలున్న గుండీ ఒకటి కుట్టి ఉండేది, వెతుక్కోకుండా. నాన్న, బజారందరికీ శేషయ్య గారు, పొద్దున్నే గుమ్మం ముందు నీళ్ళు చల్లించి, సాంబ్రాణి వేసి, గల్లాపెట్టె పక్కన తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద మఠం వేసుకుని కూర్చున్నాడంటే మళ్ళీ లేవడం మధ్యాహ్నం అన్నానికే. బోణీ అయ్యేదాకా ఎవర్నీ కసిరేవాడు కాదు. అయ్యాక మాత్రం ఆయన బేరం చూడటానికి పక్క కొట్లవాళ్ళు కాఫీ గ్లాసులతో సహా వచ్చి నిలబడేవాళ్ళు.

ఆ పరుపు మీద కూర్చోవాలన్నది నా కోరిక. నగలూ అడగలేదు, సినిమాలూ అడగలేదు; ఆ పరుపు అడిగాను. బి.ఏ. పాసైన రోజున స్వీటు పెట్టి మరీ అడిగాను. “ఆడపిల్ల గల్లా దగ్గరేంటే? లోపలికెళ్ళి దారాలు చుట్టు,” అన్నాడు నాన్న, స్వీటు మాత్రం తిన్నాడు. వెనక గదిలో మామ్మ దగ్గర కూర్చుని లడీలు విప్పి ఉండలు చుట్టేదాన్ని. మామ్మంటే నాన్న తల్లి, వెంకాయమ్మ. చూపు సగం ఆనదు గానీ దారం వేళ్ళ మధ్య నలిపి ఏ నంబరో చెప్పేది, గొంతు విని ఏ ఇంటి ఆడపడుచో చెప్పేది. నా చేతులు దారం మీద, చెవులు తలుపు మీద. అలా విని నేర్చుకున్నదే నా చదువంతా. కావాలనుకున్నదాన్ని ముందు ముట్టుకోకూడదు. పక్కనున్నదాన్ని మెచ్చుకోవాలి. ధర వినగానే నవ్వాలి, కోప్పడకూడదు. ఇంక లాభం లేదనిపిస్తే లేచి నడవాలి, మూడడుగులు మామూలుగా, నాలుగోది నెమ్మదిగా. వెనక్కి తిరక్కూడదు. ఇది కొనేవాళ్ళ పాఠం. అమ్మేవాళ్ళ పాఠం ఒకటే: ఆ నాలుగో అడుగు పడేదాకా పిలవకూడదు.

ఊరి అవతల ఒక పెద్ద కర్మాగారంలో యంత్రాలు బిగించడానికి విదేశీ ఇంజినీర్లు వచ్చారు. గుణదల వైపు వాళ్ళకి వరసగా ఇళ్ళు ఇచ్చారు. మగవాళ్ళు పొద్దున జీపుల్లో పోతే రాత్రికి రావడం. ఆడవాళ్ళు ఎనిమిది మంది, ఏ ఇద్దరిదీ ఒక దేశం కాదు. ఎండా, బల్లులూ, పాలవాడూ తప్ప వేరే లోకం లేక ఒక క్లబ్బు పెట్టుకున్నారు. గురువారం కలుస్తారు కాబట్టి గురువారం క్లబ్బు. దాని పెద్ద హెల్గా. నిలబడితే మా కొట్టు గుమ్మం తలకి తగిలేది. చిన్నది ఆనా, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అప్పటికే మూడో నెల. ఒకరోజు ఇద్దరూ కుట్టుదారాల కోసం వచ్చి నాన్న ముందు ఇంగ్లీషులో నిలబడ్డారు. నాన్న బజారంతటినీ ఓడించగలడు గానీ ఇంగ్లీషుని కాదు. “అమ్మాయ్ వరం, ఇట్రావే!” అని కేకేశాడు. నేను మొదటిసారి పగటిపూట, గిరాకీ ఉండగా, కొట్లోకి వచ్చింది అప్పుడే. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్న చారు కలుపుకుంటూ, “ఆ క్లబ్బు గిరాకీ నీ చేత్తో నిలబెట్టు, దసరాకి నీకు పరుపు మీద చోటిస్తా,” అన్నాడు. అమ్మ చారు గరిటె అలాగే పట్టుకుని నా వంక చూసింది. మామ్మ మాత్రం, “మాట తప్పావంటే నేనొచ్చి కూర్చుంటానురా అక్కడ,” అంది కొడుకుతో.

అలా గురువారం గురువారం నేను క్లబ్బుకి వెళ్ళడం మొదలైంది. వాళ్ళకి తెలుగు చెప్పాలి, బజారు చూపించాలి, ఇదీ నా ఉద్యోగం. టీ తాగేవాళ్ళు, కేకు కోసేవాళ్ళు, ప్రతిదానికీ చేతులెత్తి ఓటేసేవాళ్ళు. ఫ్యాను కింద కూర్చోవాలా వరండాలో కూర్చోవాలా అన్నదానికి కూడా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఆనా అన్నీ నోటుబుక్కులో రాసేది. “టీ ఎన్ని గంటలకి తాగిందీ రాసుకుంటారా వాళ్ళు!” అని మామ్మ బుగ్గలు నొక్కుకుంది. నేను వాళ్ళకి నేర్పిన మొదటి తెలుగు వాక్యం, “అదేంటండీ, మరీ అంత చెబితే ఎలాగండీ!” ఎనిమిది మందీ ఎనిమిది యాసల్లో అప్పజెప్పేవాళ్ళు. హెల్గాని మార్కెట్టుకి తీసుకెళ్ళి బుట్టల దగ్గర పరీక్ష పెట్టాను. పక్క బుట్టని మెచ్చుకుంది, ధర విని నవ్వింది, వాక్యం చెప్పింది, లేచి నడిచింది. అన్నీ బాగానే చేసింది గానీ, ఆవిడ కాళ్ళు పొడుగు. బుట్టలామె “ఏమండోయ్” అనేలోపు మూడడుగులకే కాలవ వంతెన ఎక్కేసింది. నేను పరిగెత్తుకెళ్ళి పట్టుకొచ్చాను. “మీ మూడడుగులు మా తొమ్మిదండీ, చిన్నగా వెయ్యాలి,” అంటే ఆ రాత్రి వరండాలో నడక అభ్యాసం చేసిందట, ఆనా చెప్పింది.

ఊరికే కేకులు తిని పోకూడదు, ఈ ఊరికి ఏదైనా చెయ్యాలని హెల్గా పట్టుదల. ఊళ్ళోని ఒక ధర్మాసుపత్రి పురుళ్ళ వార్డులో పుట్టే పిల్లలకి గౌన్లు కుట్టిద్దామని ప్రతిపాదించింది. అందరూ చేతులెత్తారు. పల్చటి మల్లు గుడ్డ, సన్న లేసు, రంగుదారాలు, చిట్టి గుండీలు, అన్నీ మా కొట్లోనే, నూట యాభై గౌన్లకి. నాన్న ఏడాదిలో అంత పెద్ద బేరం చూడలేదు. ఎవరికని అడిగితే, “చంటిపిల్లలకి నాన్నా,” అన్నాను. పురిటిపిల్లలకి అనలేదు. ఎందుకనలేదో నాకు బాగా తెలుసు. మా వైపు పురిటిపిల్లకి కొత్తగుడ్డ వెయ్యరు. బారసాల అయ్యేదాకా మెత్తటి పాత చీరలోనో పాత పంచెలోనో చుడతారు. కొత్త గుడ్డ ఒరుసుకుంటుందనీ, కళ్ళు పడతాయనీ, ఏమైతేనేం, వెయ్యరు. ఇది పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. వెనక గదిలో లేసు కొలుస్తుంటే మామ్మ అననే అంది: “పురుళ్ళ వార్డుకి కొత్త గౌన్లేంటే, ఆ దొరసానులకి చెప్పేవాళ్ళు లేరూ?” నేను తలుపు దగ్గరగా వేసి, “గట్టిగా అనకు మామ్మా, నీకు సాయంత్రం మైసూర్‌పాక్ తెస్తా,” అన్నాను. మామ్మ ఊరుకుంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి మైసూర్‌పాక్ సరిపోయింది. నన్ను ఊరుకోబెట్టడానికి పరుపు.

రెండు నెలలు కుట్టారు పాపం. చెమటకి సూది జారిపోతుంటే వేళ్ళకి పౌడరు రాసుకుని కుట్టారు. ఒక్కో గౌను గుండె దగ్గర కుచ్చుపోసి, దాని మీద పిట్టో, పువ్వో. ఆనా కుట్టినవాటి మీద చేపలుండేవి, కృష్ణలో చూసిందట. ఒక గురువారం బుట్టల్లో పెట్టుకుని వార్డుకి వెళ్ళి పంచాం. తల్లులు నవ్వారు, ముసలమ్మలు దణ్ణాలు పెట్టారు, హెల్గా కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ గురువారం చూద్దామని వెళితే, ఒక్క పిల్ల ఒంటి మీద ఒక్క గౌను లేదు. గౌన్లన్నీ మడత నలక్కుండా తలగడల కింద ఉన్నాయి. మూల మంచం మీద ఒకమ్మాయి కట్టుకున్న చీర కొంగు పళ్ళతో చింపి బిడ్డకి చుడుతోంది. వార్డు ఆయా కోటమ్మ నన్ను పక్కకి పిలిచింది. “అమ్మాయి గారూ, ఏవనుకోకండి. పువ్వులూ పిట్టలూ బాగానే ఉన్నాయి. ఈళ్ళకి కావాల్సింది పాతగుడ్డండీ. ఈ ఆడాళ్ళకి ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి. చింపడానికి మూడో చీర ఏదండీ?” అని, కొంచెం ఆగి, “దొరసానులకంటే తెలవదు. మీకు తెలవదాండీ?” అంది.

హెల్గా అంతా చూసింది. భాష రాకపోయినా తలగడల కింద గౌన్లు కనబడతాయి కదా. బయట వేపచెట్టు నీడలో జీపు దగ్గర నిలబడి, “వరం, ఎందుకు వెయ్యలేదు?” అని అడిగింది. చెప్పాను. “నీకు ముందే తెలుసా?” అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు, కొన్న ధర కంటే తక్కువకిస్తున్నానని నాన్న అనడం రోజూ వినేదాన్ని. కానీ ఆవిడ వేళ్ళ చివర సూది గాట్లు కనబడ్డాయి. “తెలుసు,” అన్నాను. “గుడ్డ అమ్ముడుపోతుందని చెప్పలేదు.” ఆవిడ తిట్టలేదు. తిడితే బేరంలాగా ఎదురు చెప్పేదాన్ని. జీపెక్కి, నేను ఎక్కేదాకా ఆగి, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆనా మాత్రం నా చేతి మీద చెయ్యి వేసి, “నాకిప్పుడు ఇంకో సంగతి భయంగా ఉంది, నా పిల్లకి ఇక్కడ ఏం వెయ్యాలి?” అంది.

ఇంటికొచ్చి నాన్నకీ చెప్పేశాను. బోణీ ముందు కసరని మనిషి, కొట్టు మూసేవేళ కూడా గొంతు పెంచలేదు. “గుడ్డ మంచిదే కదా నాన్నా, మోసం చెయ్యలేదు కదా,” అన్నాను. “గుడ్డ మంచిదే. వాళ్ళ పనికి మంచిదా?” అన్నాడు. “బేరంలో వంద మాటలంటాం. అవతలి మనిషికీ తెలుసు అవి మాటలని. కానీ వచ్చినవాళ్ళకి తెలియంది నీకు తెలిసి నోరు మూసుకున్నావు చూడు, అది బేరం కాదే. దాన్ని దిద్దుకొచ్చిన రోజున మాట్లాడు నాతో పరుపు సంగతి.” దసరా ఇంక నెలన్నర. పాతగుడ్డే కావాలని తల్లులు తిరిగిచ్చిన గౌన్లు కోటమ్మ పోగుచేసి వెనక్కి పంపింది, నూట యాభైలో నూట ముప్పై పైగా. బుట్టల్లో మా వెనక గదిలో కూర్చున్నాయి. చేపలూ పిట్టలూ నా వంకే చూస్తున్నట్టుండేది.

మూడో రోజు పొద్దున వీధిలో కేక వినబడింది: “పాతబట్టలకి స్టీలు సామాన్లో!” రోజూ వినే కేకే. గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు చిరిగిన చీరలూ, వెలిసిన పంచెలూ తీసుకుని గిన్నో, గరిటో ఇచ్చేవాళ్ళు. అమ్మ గుమ్మంలో నిలబడి ఒక చెంబు కోసం బేరమాడుతోంది. ఆ గంపామె అమ్మ పాత చీర విప్పి వెలుగుకెత్తి చిల్లులు వెతుకుతోంది. నేను లడీ కింద పడేసి లేచాను. మామ్మ, “ఏం తోచిందే?” అంది. “గౌన్లు,” అన్నాను. “గిన్నెల బదులు గౌన్లు.”

హెల్గా మొదట నమ్మలేదు. రెండోసారి నా మాట నమ్మడం ఎవరికైనా కష్టమే. క్లబ్బులో నేనే నిలబడి ప్రతిపాదించాను, జీవితంలో మొదటిసారి. కాసేపు ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్ద పొట్టతో కష్టం మీద లేచి ఆనా బలపరిచింది. చివరికి హెల్గా చెయ్యి లేచింది, ఆవిడ చెయ్యి లేస్తే ఫ్యానుకి తగులుతుందేమోనని అందరం పైకి చూశాం. మర్నాడే మా వీధిలోకి దిగాం. నలుగురు తెల్ల ఆడవాళ్ళు చంకల్లో బుట్టలతో, ముందు నేను, నా వెనక మామ్మ చేతికర్రతో. “పాత కాటన్ చీరలకి కొత్త గౌన్లో!” అని నేను కేకేస్తే, హెల్గా అందుకుని గొంతెత్తింది. దేవుడా, ఆ గొంతు! వీధిలో కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. చర్చిలో పాడేదట వాళ్ళ ఊళ్ళో.

మొదటి బేరం సుబ్బరత్నమ్మ గారిది. ఇంట్లో నాలుగో నెల మనవరాలుంది. గౌను అటూ ఇటూ తిప్పి, “రెండు చీరలా! మోచెయ్యంత లేదు ఇది. ఒకటిస్తా,” అంది. హెల్గా నవ్వింది. “అదేంటండీ, మరీ అంత చెబితే ఎలాగండీ!” అని, బుట్ట ఎత్తుకుని లేచింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ చిన్న చిన్న అడుగులే. నాలుగోది పడీ పడకముందే, “ఏమండోయ్ దొరసాని గారూ, ఇటు రండి, ఇదిగో రెండోది!” అని కేక. వీధంతా నవ్వింది. హెల్గా ఆ రెండో చీర విప్పి, ఎండకెత్తి, చిల్లులు చూసింది. ఆవిడ ఎత్తితే చీర మొత్తం నేలకి తగలకుండా వేలాడింది; వంగి చూసే పని లేదు. అప్పట్నించీ ఆడవాళ్ళు గౌన్ల కోసం కాదు, ఆవిడతో బేరం కోసం వచ్చారు. “మాక్కూడా అను, మాక్కూడా అను” అని ఆ వాక్యం అనిపించుకుని మరీ ఇచ్చేవాళ్ళు.

సరుకు ఎంపిక మామ్మది. పట్టు వద్దు, జరీ వద్దు, నైలాను అసలే వద్దు. ఆరోగ్యంగా పెరిగిన పిల్లల తల్లి కట్టిన చీరైతే మొదటి రకం. “ఇది మూలింటి రాజ్యలక్ష్మిదా? వద్దు. దాని నోరు పిల్లకొస్తుంది.” నేను అది ఇంగ్లీషులోకి మార్చి చెబితే, ఆనా నోటుబుక్కు తీసి, కొట్లాడే వారి చీరలు తీసుకోరాదు అని రాసి, ఎవరు బలపరుస్తారని అడిగింది. అయిదు రోజుల్లో గౌన్లన్నీ అయిపోయాయి. మా ఇంట్లో మాత్రం అమ్మ ఒక నీలం మంగళగిరి చీర గట్టిగా పట్టుకుంది. రెండు గౌన్లిస్తానన్నాను, నాలుగన్నాను, చేపల గౌను కూడా అన్నాను. “నువ్వు పుట్టినప్పుడు కట్టిన చీరే ఇది. నీ బేరాలు బజార్లో పెట్టుకో,” అంది. నా బేరం చెల్లని ఒకే ఒక్క గిరాకీ మా అమ్మ.

క్లబ్బు వరండాలో పెద్ద గుండిగల్లో చీరలు ఉడకబెట్టి, సబ్బుపెట్టి, ఎండలో ఆరేసి, కత్తిరించి, అంచులు మడిచి కుట్టారు. నీలం, ఆకుపచ్చ, పసుపు, చుక్కలు, గళ్ళు. వార్డుకి తీసుకెళ్ళినప్పుడు నేను ఊరికే ఇవ్వలేదు. ప్రతి మంచం దగ్గరా చెప్పాను: “ఇది అయిదుగురు పిల్లల తల్లి కట్టిన చీరమ్మా. ఇది కొడుకుని ఇంజినీరు చదివించినావిడది. ఇది ఎప్పుడూ నవ్వే మనిషిది.” తల్లులు ఏరుకున్నారు. ఈసారి మూల మంచం మీదున్న అమ్మాయి ఒకటి తీసుకుని, కాసేపు చూసి, “ఇంకోటి లేదాండీ, ఆ గళ్ళది?” అని అడిగింది. పెట్టిందానికి దణ్ణం పెట్టి దాచుకోలేదు, నచ్చింది అడిగింది! నాకు ఆ ఒక్క మాటతో కడుపు నిండింది. మళ్ళీ గురువారం కోటమ్మ తనే మా కొట్టు వెతుక్కుంటూ వచ్చింది. పరుపు మీదున్న నాన్నని చూసి, “అయ్యగారూ, వరమ్మ గారి గుడ్డలు అయిపోయినాయండీ, మళ్ళీ ఎప్పుడంట?” అంది. నాన్న నా వంక చూడలేదు. కోటమ్మకి మంచినీళ్ళిప్పించాడు. అది దసరాకి ఇంకా పది రోజులుండగా. ఆ రాత్రి తాళం వేస్తూ, “రేపు బోణీ నువ్వు చెయ్యి,” అన్నాడు, తాళంతో చెబుతున్నట్టు. మర్నాడు పొద్దున ఆ తెల్ల దుప్పటి మీద కూర్చుంటే, నేననుకున్నంత మెత్తగా లేదు. కింద దూది గడ్డలు కట్టింది. ముప్పై ఏళ్ళు నాన్న ఏమీ అనకుండా కూర్చున్నాడు దాని మీద.

ఆనాకి చెప్పిన తేదీ కంటే మూడు వారాల ముందే నొప్పులొచ్చాయి. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆడపిల్ల పుట్టింది, ఎర్రగా, పిడికెడంత. వాళ్ళ దేశం నించి తెప్పించిన ఉన్ని దుస్తులు ఒక పెట్టెడు ఉన్నాయి. ఆనా వాటి వంక చూడకుండా, “వరం, నాకు పాత చీర కావాలి,” అంది. అంతకుముందు వారమే వార్డుకి అన్నీ ఇచ్చేశాం, ఒక్కటి మిగల్లేదు. ఇంటికి పరిగెత్తాను. అమ్మ నా మొహం చూసి ఏమీ అడగలేదు. పెట్టె తీసి, ఆ నీలం చీర తీసి, అంచు పళ్ళతో కొరికి, పర్రుమని చింపింది. బదులుగా ఏం కావాలనీ అడగలేదు. మా ఇంట్లో ఏ వస్తువూ బేరం లేకుండా గడప దాటడం నేను చూసింది అదొక్కసారే. నర్సింగ్ హోమ్‌లో మామ్మే పిల్లని అందులో చుట్టి, ముడి వేసి, ఆనా పక్కన పెట్టింది. హెల్గా వంగి చూసి, ఏం అనాలో తెలియక, తనకి బాగా వచ్చిన ఒకే ఒక్క తెలుగు వాక్యం అంది. అదేంటండీ, మరీ అంత చెబితే ఎలాగండీ. గదిలో అందరం ఏడుస్తూ నవ్వాం.

యంత్రాలు తిరగడం మొదలయ్యాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గురువారాలు మాత్రం మా వీధికి మిగిలాయి. వెనక గదిలో మా ఆడవాళ్ళు కూర్చుని గుడ్డలు కుట్టేవాళ్ళు. మామ్మ పోయేదాకా తనే అధ్యక్షురాలు, ఓట్లూ గీట్లూ లేవు. ఇప్పుడు మా కొట్టు రెండంతస్తులు. గుండీ కుట్టిన పెట్టెలు పోయి ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి. ఫోను ఎదర పెట్టి, “ఆన్‌లైన్‌లో ఇంత ఉందండీ” అంటారు పిల్లలు, అదీ ఒక బేరమేననుకుంటా, కానీ దాంట్లో నడక లేదు. వార్డుల్లో మంచాలు మెరుగు, పిల్లలకి కావలసినవి కొనుక్కోగలిగినవాళ్ళూ ఎక్కువే. అది నిజంగా సంతోషం. కొంగు చింపుకున్న ఆ అమ్మాయిని నేను మర్చిపోలేదు. అయినా ఈమధ్య మా మేనకోడలు పురుడికి ఒక మెత్తటి పాత చీర కోసం వీధంతా అడిగాను. ఎవరింట్లోనూ లేదు. అందరివీ నైటీలు, సింథటిక్కులు. గౌను ఎంతకైనా దొరుకుతుంది. ఇరవై ఏళ్ళు ఒక మనిషి కట్టి మెత్తబరిచిన చీర ఏ కొట్లో దొరుకుతుంది?

మార్తాకి ఇవన్నీ తెలుసు. తల్లి నోటుబుక్కు భద్రంగా దాచిందట, పోయిన ఏడాది కన్నుమూసేదాకా. కొట్లాడేవారి చీరల తీర్మానం కూడా చదివిందట. “అంచు పోగులు లేస్తున్నాయి,” అంది నీలం గుడ్డ చూపిస్తూ. “దీనికి చుట్టూ కుట్టడానికి పట్టీ కావాలి.” నేను లోపలి అరలోంచి సన్నటి నూలు పట్టీ తీశాను, మా అమ్మ చీరకి తగ్గ నీలం. కొలిచి, కత్తిరించి, పొట్లం కట్టాను. “ఎంత?” అంది. “నీ దగ్గరా! తీసుకెళ్ళమ్మా,” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “వరం దగ్గర ఊరికే తీసుకోవద్దని మా అమ్మ చెప్పింది. బేరమాడకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని.” సరే, అడిగింది కాబట్టి ఉన్నదానికి మూడింతలు చెప్పాను, నవ్వకుండా. ఆవిడ నవ్వింది. కోప్పడలేదు. పక్కనున్న ఎర్ర పట్టీని మెచ్చుకుంది. తర్వాత ఊపిరి తీసుకుని, ఒక్కో అక్షరమూ గాజుగ్లాసులా జాగ్రత్తగా పట్టుకుంటూ, “అదేంటండీ, మరీ అంత చెబితే ఎలాగండీ!” అంది. పొట్లం బల్ల మీదే వదిలేసింది. లేచింది. గుమ్మం వైపు తిరిగింది.

పొడుగు కాళ్ళే గానీ అడుగు చిన్నదే వేసింది. నాలుగోది నెమ్మదిగా పడుతుందని నాకు తెలుసు, వాళ్ళమ్మకి నేర్పింది నేను. అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చోవడమొక్కటే నా పని, నాన్న ఆ పరుపు మీద ముప్పై ఏళ్ళు చేసిన పని. బజారు మొత్తంలో నాలుగో అడుగుకి ముందు గిరాకీని పిలిచిన దాఖలా మా ఇంటి పేరు మీద లేదు.

రెండో అడుగుకే పిలిచేశాను.